తొలిచూపు
(ఆలయ ప్రాంగణమున జరిగిన సాయంకాల ఉపన్యాస పాఠము)



మీలో చాలమంది స్వామి దర్శనమునకై వరుసలో చాలసేపు నిలిచి వచ్చినవారు. ఆ సమయమున ముందున్నవారిని, వెనుకనున్నవారిని చూడకుండ ఎవరును ఉండరు. ఒకరిని చూడగానే సౌమ్యుడనిపించును. మరొకరిని చూడగానే చేయి తనంతట తాను చేతిసంచిని దగ్గరకు లాగుకొనును. వారు నోరు విప్పి ఏమియు పలుకలేదు. ముఖమే పలికినది. ఆ ముఖమైనను వారు సంపాదించుకొన్నది కాదు. తాతగారి ముక్కు, మేనమామ గడ్డము, అమ్మమ్మ కనుబొమలు కలిసి వచ్చినది.

ఆదిపర్వమునందలి ఒక ఘట్టమును స్మరింతము. విచిత్రవీర్యుడు సంతానము లేక గతించినాడు. కురువంశము నిలుపుటకై సత్యవతి తన కన్యాత్వమునాటి కుమారుడైన వ్యాసుని పిలిపించినది. వచ్చువాడు భీష్ముడో, కురువీరులలో మరియొకడో అని అంబిక తలపోయుచు నిరీక్షించినది. ఆమె మనస్సులో ఉన్నది కురువంశపు ముఖము. దీపకాంతిలో కనబడినది నల్లని దేహము, కపిలవర్ణపు జటలు, మండుచున్న కన్నులు. ఆమె కన్నులు మూసికొన్నది. ధృతరాష్ట్రుడు అంధుడై జన్మించినాడు. అంబాలిక కన్నులు మూయలేదు గాని భయముచే వివర్ణ అయినది. పాండురాజు పాండువర్ణముతో పుట్టినాడు.

ఇచట ఒక విషయము గమనింపదగినది. సత్యవతికి కాళి అను నామాంతరము కలదు. వ్యాసుని నలుపు తల్లినుండి వచ్చినదని తలచుటలో దోషము లేదు. అనగా అంబిక ప్రతిదినము పాదములంటి నమస్కరించు అత్తగారి వర్ణమే అది! అత్తగారియందు గౌరవము కలిగించిన వర్ణమే ఆ రాత్రి భయము కలిగించినది. మూడవమారు అంబిక తాను పోక దాసిని పంపినది. ఆ దాసి మహర్షిని భయపడక, ఆదరముతో సేవించినది. ఆమెకు విదురుడు పుట్టినాడు. ఆ వంశమునందు ధర్మమును నిర్భయముగా పలికిన కంఠము ఏ తల్లి కడుపున పుట్టినదో చూడుడు.

అయినచో ముఖము అబద్ధమేనా? అట్లును అనజాలము. నైమిశమున అశ్వమేధవేళ కుశలవులు రామాయణము గానము చేయుచుండగా, జటలు, నారచీరలు లేకున్న వీరికిని శ్రీరామునికిని భేదమే తెలియదని జనులు గుసగుసలాడుకొన్నారు. అభిజ్ఞాన శాకుంతలమున సర్వదమనుని పోలిక దుష్యంతునియందు కనబడగా తాపసి విస్మయపడినది. వంశమును తెలుపుటలో ముఖము సాక్షియే. గుణమును తెలుపుటలో మాత్రము దాని సాక్ష్యము బలహీనము. సీతమ్మకు జరిగినదేమి? సన్న్యాసివేషమున వచ్చిన రావణుని నమ్మి అతిథిసత్కారము చేసినది. ఆ అనుభవముచేత, వానరముఖముతో వచ్చిన హనుమంతుని రావణుడే అని శంకించినది. నమ్మకము కుదిరినది మారుతి మాటలచేత, రామలక్ష్మణుల లక్షణములను అతడు వర్ణించిన తీరుచేత. ఉంగరము ఆ తరువాతనే.

సాముద్రికము ముఖము చూచియే ఫలము చెప్పును గదా అని కొందరు నన్ను అడుగుదురు. వరాహమిహిరుడు బృహత్సంహితలో పురుషలక్షణములు చెప్పుచు నడక, స్వరము, సత్త్వము, ప్రకృతి మొదలైన అనేకములను పరీక్షింపవలెనన్నాడు. ఒక్క ముక్కు చూచి తీర్పు చెప్పువాడు ఆ శాస్త్రమును చదివినవాడు కాడు.

మా మనుమడు ఒక సంగతి చెప్పినాడు. 2006లో అమెరికాలోని ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయమున విల్లిస్, టొడొరోవ్ అను ఇరువురు పరిశోధకులు అపరిచితుల ముఖచిత్రములను సెకనులో పదవవంతు కాలము మాత్రమే చూపి, ఇతడు నమ్మదగినవాడా అని అడిగిరట. ఆ పాటి కాలమే తీర్పునకు చాలినదట. మరికొంతసేపు చూడనిచ్చినను తీర్పు పెద్దగా మారలేదట. తమ తీర్పుపై ధీమా మాత్రము పెరిగినదట. ఇది విన్న రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఎందుకో చెప్పెదను.

1984లో నేనొక పాఠశాలలో కావ్యములు చెప్పుచుంటిని. పండ్రెండేండ్ల బాలుడొకడు చేరినాడు. కలిసిన కనుబొమలు, ముందుకు వచ్చిన క్రింది పెదవి. చూచిన క్షణముననే నాకు వాడు నచ్చలేదు. పొగరుబోతు అనుకొంటిని. వాడు ప్రశ్న అడిగిన ధిక్కారమనిపించెడిది. మౌనముగా నున్న మొండితనమనిపించెడిది. వెనుకవరుసలో కూర్చుండబెట్టితిని. ఇతరులు తప్పు చదివినచో సవరించెడివాడను, వాడు తప్పు చదివినచో గద్దించెడివాడను. ఏడాదిన్నర తరువాత, ఇంటికి పోయెదనని వాడు తల్లికి కబురంపినాడు.

ఆమె వచ్చినది. అవే కనుబొమలు, అదే పెదవి. అప్పుడు నాకు తెలిసినది. మా ఊరిలో కాలువగట్టు విషయమై మా నాయనగారిపై ఏండ్లతరబడి వ్యాజ్యము నడిపిన పెద్దమనిషి ముఖమది. చిన్ననాడు ఆయన మా అరుగు ముందు నిలిచి కేకలు వేయుట నేను తలుపుచాటునుండి చూచినవాడను. బాలుడు ఆయన కూతురి కొడుకు. ఇంటిపేరు వేరగుటచే నాకు స్ఫురింపలేదు. నా కంటికి మాత్రము స్ఫురించినది.

ఆ తల్లి నాకు నమస్కరించి, “గురువుగారూ, వీడిని మీ దగ్గరనే చేర్చమని మా నాన్నగారే చెప్పినారండీ. గట్టు తగాదా ఎట్లున్నను, ఆ ఇంటి చదువు గొప్పదని అనేవారు” అన్నది. నేను ఏమియు అనలేకపోతిని. ఉండుమని వానిని అడుగవలసినది, అదియు చేయలేదు. వాడు పుస్తకములు మూటగట్టుకొని తల్లి వెంట వెళ్ళిపోయినాడు.

వానికిప్పుడు యాభై యేండ్లు దాటియుండును. ఈ పత్రిక చదువు ఇండ్లలో వాని యిల్లును ఉండవచ్చును. వాడు రఘువంశము రెండవ సర్గ పూర్తిచేసి వెళ్ళినాడు. మూడవ సర్గనుండి పాఠము మిగిలియున్నది. నేను ప్రతిదినము సాయంకాలము ఈ మండపమునందే కూర్చుందును.