గడ్డిపరక కూడా తేకూడని దీవి

జపాన్‌లో ఒకినోషిమా అని ఒక చిన్న దీవి ఉంది. క్యూషూ తీరం నుంచి కొరియాకు వెళ్ళే సముద్రదారిలో ఉంటుంది. దీవి మొత్తం దైవమేనని అక్కడివారి నమ్మకం. షింటో సంప్రదాయంలో మునకతా దేవతలు ముగ్గురు అక్కచెల్లెళ్ళు. వారిలో తగోరిహిమె కొలువైన చోటు ఇదే.

4వ శతాబ్దం చివరి నుంచి దాదాపు 500 ఏళ్ళు ఇక్కడ పూజలు సాగాయి. ఎందుకు? సముద్రం మీద వెళ్ళే ఓడలు క్షేమంగా తిరిగి రావాలని. మొదట పెద్ద బండల మీద పూజ చేశారు. తర్వాత బండల నీడన. చివరికి ఆరుబయట. అద్దాలు, కత్తులు, పూసలు సమర్పించారు. కొరియా బంగారు ఉంగరం, పర్షియా గాజుపాత్ర ముక్కలు కూడా దొరికాయి. ఎంత దూరం నుంచి వచ్చాయో చూడండి!

1954లో తవ్వకాలు మొదలయ్యేదాకా వాటిలో ఎన్నో అర్పించిన చోటే ఉన్నాయి. కాపాడింది కట్టుబాటే. దీవి నుంచి గడ్డిపరక కూడా తేకూడదు. చూసింది బయట చెప్పకూడదు. అడుగుపెట్టేవారు ముందు సముద్రంలో మునగాలి. మళ్ళీ చెబుతున్నాను, గడ్డిపరక కూడా తేకూడదు.

స్త్రీలకు మాత్రం ప్రవేశమే లేదు. దేవత స్త్రీ అయిన చోట ఈ నియమం నాకు మింగుడుపడదు.

2017లో యునెస్కో దీన్ని ప్రపంచ వారసత్వంగా గుర్తించింది. ఇప్పుడు సాధారణ సందర్శకులను, మగవారిని కూడా, రానివ్వడం లేదు. పూజారులు వంతులవారీగా ఒక్కొక్కరే ఉంటారు. మిగతావారంతా, ఆడా మగా, దూరంగా ఉన్న ఓషిమా అనే మరో దీవి ఒడ్డు నుంచే దణ్ణం పెట్టుకుంటారు.