గోవా కేసినో బఫే: టికెట్ డబ్బుకి భోజనం గిట్టుబాటవుతుందా?

పోయిన ఎపిసోడ్‌లో గోవా ట్రిప్‌కి ట్రైన్ ఖర్చు, రూమ్ ఖర్చు చెప్పాను కదా. దాని తర్వాత అందరూ ఒకటే అడుగుతున్నారు. "అన్నా, కేసినోలో అన్‌లిమిటెడ్ బఫే అంట, మందు కూడా అందులోనే అంట. ఒక్క టికెట్ కొంటే రాత్రి భోజనం, టైంపాస్ రెండూ అయిపోతాయి కదా. బయట తినడం కంటే అదే చీప్ కదా?"

మంచి ప్రశ్నే. సమాధానం ముందే చెప్పేస్తాను. భోజనానికి భోజనంగా చూస్తే చీప్ కాదు. ఒక సరదా రాత్రికి ఖర్చు అనుకుంటే పర్వాలేదు, కానీ టేబుల్ దగ్గర కూర్చోకుండా లేచి రాగలిగితేనే. ఎందుకో లెక్క వేసి చూద్దాం. బీటెక్‌లో ప్రాబబిలిటీ పేపర్ రాశాక ఇన్నేళ్ళకి అది పనికొచ్చింది, అదొక సంతోషం.

ముందు కొత్తవాళ్ళ కోసం రెండు ముక్కలు. మన విజయనగరంలో అమరావతి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే నేరుగా మడ్‌గావ్‌లో దిగొచ్చు, దార్లో దూద్‌సాగర్ జలపాతం బోనస్. మడ్‌గావ్ నుంచి పణజీకి బస్సు. పణజీలో మాండవి నది మీద రాత్రిపూట లైట్లతో పెళ్ళి మండపాల్లా వెలిగిపోతూ కనిపించే ఓడలే ఈ కేసినోలు. డెల్టిన్ రాయల్, మెజెస్టిక్ ప్రైడ్, బిగ్ డాడీ లాంటి పేర్లు మీరు రీల్స్‌లో చూసే ఉంటారు. ఒడ్డున టికెట్ కొంటే చిన్న బోటులో ఓడ దాకా తీసుకెళ్తారు. 21 ఏళ్ళు నిండాలి, ఐడీ చూపించాలి. కాబట్టి సెకండ్ ఇయర్, థర్డ్ ఇయర్ తమ్ముళ్ళూ, మీకు ఈ ఎపిసోడ్ థియరీ మాత్రమే. నిక్కరు, హవాయి చెప్పులతో వెళ్తే గుమ్మం దగ్గరే ఆపేసే చోట్లు ఉన్నాయి, ప్యాంటూ బూట్లూ పెట్టుకోండి. ఆట జరిగే చోట ఫోన్ తీసి వీడియోలు తీయనివ్వరు. అందుకే ఈ ఎపిసోడ్‌లో నా మొహం తప్ప మీకు ఇంకేం కనపడట్లేదు, క్షమించాలి.

ఒక విషయం చాలామందికి తెలీదు. 2020 నుంచి గోవా వాళ్ళు గోవా కేసినోలో ఆడటానికి లేదు. సొంత రాష్ట్రం మనుషులకి వద్దు, బయట నుంచి వచ్చే టూరిస్టులకి మాత్రం రెడ్ కార్పెట్. మన దగ్గరేమో 1974 నాటి గేమింగ్ చట్టం ఉంది, 2020 నుంచి ఫోన్‌లో డబ్బు పెట్టి ఆడే ఆటల మీద కూడా నిషేధం వచ్చింది. అంటే ఇక్కడ దొరకనిది వెతుక్కుంటూ వెళ్ళే మనమే వాళ్ళకి కస్టమర్లం. ఎవరి జేబు కోసం ఆ బఫే పరిచారో ఇక్కడే సగం అర్థమైపోతుంది.

సరే, టికెట్ విప్పి చూద్దాం. రేటు రోజుని బట్టి, ప్యాకేజీని బట్టి మారిపోతూ ఉంటుంది, శని, ఆదివారాల్లో ఎక్కువ. లెక్క సులువుగా ఉండటానికి మన టికెట్ 3,000 అనుకుందాం. అందులో బఫే, డ్రింక్స్, స్టేజి మీద డాన్సులు, 1,000 రూపాయల చిప్స్ ఉన్నాయి అనుకుందాం.

"వెయ్యి చిప్స్ తిరిగిచ్చారు కదా, అంటే భోజనం రెండు వేలే కదా" అంటాడు మనోడు. ఆగు బావూ. ప్యాకేజీలో ఇచ్చేవి చాలావరకు వన్‌టైమ్ చిప్స్. వాటిని కౌంటర్లో ఇచ్చి డబ్బు తీసుకోవడం కుదరదు, ఒక్కసారి పందెం కాయాలి అంతే. గెలిచినా ఆ చిప్ వాళ్ళే తీసేసుకుని, గెలుపు మాత్రం అసలు చిప్స్‌లో ఇవ్వడం మామూలు పద్ధతి. ఇప్పుడు రూలెట్ చక్రం తీసుకోండి. ఒక సున్నా ఉన్న చక్రంలో 37 గళ్ళు. ఎరుపు 18, నలుపు 18, ఆకుపచ్చ సున్నా ఒకటి. ఎరుపు మీద పెడితే గెలిచే అవకాశం 37లో 18. అంటే ఆ వెయ్యి రూపాయల వన్‌టైమ్ చిప్ అసలు విలువ సగటున 486 రూపాయలు. రెండు సున్నాల చక్రమైతే ఇంకొంచెం తక్కువ. కాబట్టి మన భోజనం అసలు ధర 3,000లోంచి 486 తీసేస్తే 2,514.

ఇంకొకటి, పన్ను. మామూలు హోటల్లో తింటే జీఎస్‌టీ 5 శాతం. కేసినో ప్రవేశం మీద 2023 అక్టోబర్ దాకా లెక్క వేరు, అప్పట్నుంచి 28 శాతం కొత్త పద్ధతిలో వచ్చింది, 2025 సెప్టెంబర్ 22 నుంచి 40 శాతం అయింది. మన 3,000 టికెట్‌లో పన్ను కలిసే ఉందనుకుంటే, అందులో 857 రూపాయలు ప్రభుత్వానికే. అదే చికెన్ బిర్యానీ, అదే పనీర్, ఒడ్డున తింటే ఒక పన్ను, ఓడెక్కి తింటే ఇంకో పన్ను. ఈ ఒక్క ముక్క చాలు, "కేసినోలో ఫుడ్ చీప్" అనే మాట పక్కన పెట్టేయడానికి.

మరి ఈ "కేసినో ఫుడ్ చీప్" అనే పేరు ఎక్కడ నుంచి వచ్చింది? అమెరికా నుంచి. లాస్ వేగాస్‌లో ఎల్ రాంచో వేగాస్ అని ఒక హోటల్, 1941లో తెరిచారు. అక్కడ 1940ల్లోనే అర్ధరాత్రి బఫే పెట్టారు, ఒక్క డాలర్‌కి ఎంత తింటే అంత. ధర్మం కాదు అది. జూదం ఆడేవాడికి ఆకలేస్తే బయటికెళ్ళిపోతాడు, వెళ్ళినవాడు తిరిగి రాకపోవచ్చు. అన్నం లోపలే పెట్టేస్తే తిని మళ్ళీ టేబుల్ దగ్గరికే వస్తాడు. బఫే మీద వచ్చిన నష్టం టేబుల్ మీద రాబట్టుకునేవాళ్ళు. ఇప్పుడు వేగాస్‌లో కూడా ఆ రోజులు లేవు. కోవిడ్‌లో మూసేసిన బఫేలు చాలావరకు మళ్ళీ తెరవలేదు, ఉన్నవాటికి రేట్లు మండిపోతున్నాయి. అక్కడ ఎంఎస్ చేస్తున్న మన కజిన్స్‌ని అడగండి, లాంగ్ వీకెండ్‌కి వేగాస్ వెళ్ళి వచ్చాక బిల్లు చూసి ఏడ్చినవాళ్ళు ప్రతి ఇంట్లో ఒకరుంటారు.

చూడండి, తక్కువ ధరకి అన్నం దొరికిందంటే మిగతాది ఎవరో కడుతున్నట్టే. అన్న క్యాంటీన్‌లో 5 రూపాయలకి భోజనం పెడుతున్నారంటే మిగతాది ప్రభుత్వం, దాతలు కడుతున్నారు. సింహాచలం కొండ మీద అన్నదానం ఉందంటే భక్తులు ఇచ్చిన విరాళాలు ఉన్నాయి. మరి కేసినో బఫేకి దాత ఎవరు? పక్క టేబుల్ దగ్గర ఓడిపోతున్నవాడు. మీరు తిని బోటెక్కేస్తే అతిథి. తిని టేబుల్ దగ్గర కూర్చుంటే దాత.

ఎంత దానం చేస్తారో కూడా లెక్క ఉంది. ఒక్కో పందెం 500, గంటకి 40 సార్లు చక్రం తిరిగింది అనుకుందాం. గంటలో మీరు పందెం కాసింది మొత్తం 20,000. ఒక సున్నా చక్రంలో వాళ్ళకి మిగిలేది 2.7 శాతం, అంటే గంటకి సగటున 540 రూపాయలు. రెండు సున్నాల చక్రంలో 5.26 శాతం, అంటే 1,050 దాటుతుంది. మూడు గంటలు కూర్చుంటే మీ భోజనం ధర ఇంకో పదహారు వందల నుంచి మూడు వేల దాకా పెరిగినట్టు. అక్కడితో ఆగితే అదృష్టం అనుకోవాలి, ఎందుకంటే ఇది సగటు మాత్రమే. సగటులో ఎవడూ బతకడు కదా.

మా గ్యాంగ్‌లో ఒకడి సంగతి చెప్తాను. వాడి పర్మిషన్‌తోనే, పేరు లేకుండా. రాజాం దగ్గర ఊరు, హైదరాబాద్‌లో ఉద్యోగం, ప్రతి నెలా జీతం పడగానే ఇంటికి పదిహేను వేలు పంపేవాడు. నలుగురం వెళ్ళాం. ఏ కేసినో అన్నది మనకి అనవసరం. బఫేలో వాడు రెండు ప్లేట్లు లాగించి, "టికెట్ డబ్బులు వసూలు చేద్దాం రా" అని లేచాడు. నేను స్వీట్ల దగ్గర ఉన్నాను.

వాడికి యూట్యూబ్‌లో ఎవరో ఒక ట్రిక్ చెప్పారు. ఓడిపోయిన ప్రతిసారీ పందెం రెట్టింపు చెయ్, ఎప్పుడో ఒకసారి గెలుస్తావు, గెలిచిన వెంటనే అంతా వెనక్కొస్తుంది అని. కాగితం మీద బాగుంటుంది. 500 పెట్టాడు, పోయింది. 1,000, పోయింది. 2,000. 4,000. "ఏటవుద్ది రా, ఇంకో పాలి" అని 8,000. ఐదు తిప్పుళ్ళు, పది నిమిషాలు కూడా పట్టలేదు, మొత్తం 15,500. నేను గులాబ్ జామూన్ గిన్నెతో వచ్చేసరికి వాడు ఫోన్‌లో బ్యాలెన్స్ చూసుకుంటున్నాడు.

వరసగా ఐదుసార్లు ఓడటం అంత దురదృష్టమా అంటే, కాదు. ఒక సున్నా చక్రంలో దాని అవకాశం దాదాపు 28లో 1. మొదలుపెట్టిన ప్రతిసారీ ఆ 28లో 1 పక్కనే కాచుకుని కూర్చుంటుంది. రాత్రంతా ఆడితే తగలకపోవడమే వింత. ఆ ట్రిక్ చెప్పినవాడు ఈ ముక్క చెప్పలేదు.

డబ్బు పోవడం ఒక ఎత్తు. ఆ నెల వాళ్ళ అమ్మకి ఫోన్ చేసి "జీతం లేటు అయిందమ్మా" అన్నాడు. ఆవిడ "పర్లేదు నానా, నువ్వు సరిగా తింటన్నావా" అని అడిగింది అంట. ట్రైన్‌లో వస్తూ ఆ మాట చెప్పి కిటికీ వైపు తిరిగి పడుకున్నాడు, గుంతకల్లు వచ్చేదాకా మాట్లాడలేదు. తర్వాత నెల ఇంటికి ముప్పై వేలు పంపాడు, కాకపోతే సగం అప్పు చేసి. ఆ అప్పు తీరడానికి ఇంకో నాలుగు నెలలు పట్టింది.

ఇంత చెప్పినా వెళ్ళాలనుకునేవాళ్ళు వెళ్తారు, నాకు తెలుసు. చూడదగ్గ చోటే, కాదనను. వెళ్తే ఎలా తినాలో చెప్తాను.

కార్డు రూమ్‌లో పెట్టేయండి. యూపీఐ యాప్‌లో రోజు లిమిట్ ముందే తగ్గించుకోండి, లేదా బ్యాలెన్స్ తక్కువున్న అకౌంట్ ఉన్న ఫోన్ పట్టుకెళ్ళండి. ఇది బఫే టిప్పే, నవ్వకండి. వారం మధ్యలో వెళ్ళండి, టికెట్ తగ్గుతుంది, లైన్ తగ్గుతుంది. టికెట్ కొనేముందు కౌంటర్లో మూడు అడగండి: బఫే ఎన్నింటికి మొదలై ఎన్నింటికి అయిపోతుంది, చిప్స్ వన్‌టైమా కాదా, వెనక్కి బోటు ఎంత సేపటికి ఒకటి ఉంటుంది. బఫే తెరిచే టైంకి లోపల ఉండండి, వంటలన్నీ వేడిగా ఉంటాయి.

ప్లేటు తీసుకున్న వెంటనే నింపడం మొదలుపెట్టకండి. ముందు ఖాళీ చేతులతో ఒక రౌండ్ నడిచి మొత్తం చూడండి. మనవాళ్ళ బలహీనత నాకు తెలుసు, బంతి భోజనం అలవాటు. విస్తట్లో వడ్డించింది వడ్డించినట్టు తినడమే మనకి వచ్చు. బఫేలో సలాడ్లు, బ్రెడ్డు, అన్నం, నూడుల్స్ ముందు పెడతారు, ఖరీదైన చేపలు, రొయ్యలు, మటన్ చివరెక్కడో ఉంటాయి. మనం మొదటి మూడు గిన్నెల దగ్గరే ప్లేటు నింపేసి, రొయ్యల దాకా వచ్చేసరికి జాగా లేక నిలబడతాం. శాకాహారులకి ఇబ్బంది లేదు, గుజరాత్ నుంచి వచ్చే జనం ఎక్కువ కాబట్టి వెజ్ బాగానే పెడతారు. మందు సంగతి మీ ఇష్టం, కానీ గోవాలో మందు బయటే చీప్. ఫ్రీ అని లోపల నాలుగు వేస్తే ఐదో గ్లాసు మీ చేత పందెం కాయిస్తుంది.

ఆ వన్‌టైమ్ చిప్స్ ఉన్నాయిగా, అవి ఆడేయండి, సరదాగా ఒకే ఒక్క రౌండ్. ఎంతొస్తే అంత కౌంటర్లో మార్చుకుని, డాన్స్ చూసి, ఐస్‌క్రీమ్ తిని, బోటెక్కండి. ఫోన్‌లో అలారం పెట్టుకోండి, లోపల టైం తెలీదు.

నిజంగా తక్కువలో బాగా తినాలంటే మాత్రం ఓడ ఎక్కక్కర్లేదు. పణజీలో మధ్యాహ్నం ఏ చిన్న హోటల్లోకైనా వెళ్ళి ఫిష్ థాలీ చెప్పండి. అన్నం, చేపల పులుసు, రవ్వ పూసి వేయించిన చేప ముక్క, కూర, చల్లగా గులాబీ రంగులో సోల్ కడి. భావనపాడు, భీమిలి తీరాల్లో చేపలు తిని పెరిగిన నాలుకకి ఆ పులుసు పరాయిగా అనిపించదు, కొబ్బరి ఎక్కువ, కారం తక్కువ, అంతే తేడా. పొద్దున్న భాజీ పావ్, సాయంత్రం బండి దగ్గర రాస్ ఆమ్లెట్. ఆమ్లెట్ మీద చికెన్ గ్రేవీ పోసి, పక్కన పావ్ పెట్టి ఇస్తాడు. బస్టాండ్ చుట్టుపక్కల ఉడిపి హోటళ్ళు కూడా ఉన్నాయి, ఇడ్లీ లేకపోతే ఉండలేనివాళ్ళకి. మన 2,514లో ఇలా మూడు రోజులు హాయిగా తినొచ్చు, నేను తిన్నాను.

వచ్చే ఎపిసోడ్ గోవా కాదు, మన ఇంటి పక్కనే. పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం రోజు విజయనగరం వచ్చినవాళ్ళు ఎక్కడ ఏం తినాలి, ఎన్నింటికి తినాలి అన్నది చూద్దాం. ఉంటాను మరి.