గడియారం పక్కన ఉన్న ఐకాన్లు

(గతౌరాలో సిబ్బంది కుటుంబాల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

మీ ఇంటి కంప్యూటర్‌లో కింద కుడిమూల, గడియారం పక్కన చిన్న ఐకాన్లు ఉంటాయి. విండోస్ 95 నాటి నుంచీ అవి అక్కడే ఉన్నాయి. విండో మూసినా కొన్ని ప్రోగ్రాములు ఆగవు. లోపల నడుస్తూనే ఉంటాయి. యాంటీవైరస్ అలా నడవాలి, దాన్ని ఆపకండి.

దూరం నుంచి మన కంప్యూటర్‌ను నడిపించే సాఫ్ట్‌వేర్ కూడా అలాగే ఉండిపోగలదు. "కేవైసీ అప్‌డేట్ చేస్తాం, ఇది ఇన్‌స్టాల్ చేసుకోండి" అని ఫోన్ చేసే మోసగాడికి కావలసింది అదే. 2019 ఫిబ్రవరిలో ఎనీడెస్క్ యాప్ ద్వారా జరిగే మోసాలపై రిజర్వు బ్యాంకు హెచ్చరించింది. ఆ యాప్ సక్రమమైనదే. దాని కోడ్ పరాయివాడికి చెబితే ఇంటి తాళంచెవి ఇచ్చినట్టే.

అందుకే వారానికోసారి గడియారం పక్కనున్న బాణం గుర్తు నొక్కి, దాగిన ఐకాన్లు చూడండి. అక్కర్లేనిదాని మీద రైట్ క్లిక్ చేసి 'ఎగ్జిట్' నొక్కండి. ఐకాన్ పోయినా వెనక సర్వీసు నడుస్తూ ఉండవచ్చు. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది. అందులో 'స్టార్టప్'లో అక్కర్లేనివి డిసేబుల్ చేయండి. విండోస్ సొంత సర్వీసుల జోలికి వెళ్లొద్దు. రిమోట్ సాఫ్ట్‌వేర్ అవసరం లేకపోతే పూర్తిగా అన్‌ఇన్‌స్టాల్ చేయండి.

బిలాస్‌పూర్ చుట్టుపక్కల రైల్వే కుటుంబాలు ఎక్కువ. డ్యూటీకి వెళ్లినవారు తిరిగొచ్చేలోగా ఖాతా ఖాళీ కాకూడదు. అనుమానం వస్తే ముందు ఇంటర్నెట్ తీసేయండి. వెంటనే 1930కి, బ్యాంకుకు ఫోన్ చేయండి. పిల్లలూ, తాతయ్య, అమ్మమ్మలకు ఇది మీరే నేర్పించాలి. సెలవు.