చమురు నేలలో వేట

అమెరికా సంయుక్త రాష్ట్రములలో, కెనడా సరిహద్దు నానుకొని, ఉత్తర డకోటా యను రాష్ట్రము కలదు. గోధుమ చేలు, పశువుల బీళ్లు, ఎడతెగని గాలి, ఎముకలు కొరుకు చలి. 1951 ఏప్రిల్ 4వ తేదీన టియోగా పట్టణమునకు చేరువ నొక పొలములో చమురు పడెను. అర్ధ శతాబ్దము గడచిన పిమ్మట, సుమారు రెండు మైళ్ల లోతున నున్న బాకెన్ అను రాతిపొరలోనికి అడ్డముగా తొలిచి, నీటిని ఇసుకను మిక్కిలి ఒత్తిడితో పంపి, రాతిని చీల్చు పద్ధతి అచ్చట కుదిరినది. 2014లో ఆ రాష్ట్రము దినమునకు పది లక్షల పీపాలకు మించి చమురు తీసెను. 2010లో 14,716 మంది జనాభా గల విలిస్టన్ పట్టణము 2020 నాటికి 29,160 మందితో నిండెను.

టెక్సాస్ నుండి, లూసియానా నుండి, పొరుగు రాష్ట్రముల నుండి పనివారు వచ్చిరి. అద్దె యిండ్లు దొరకక, వరుసగా పేర్చిన రేకు గదులలో, చక్రములపై నిలిపిన యిండ్లలో తలదాచుకొనిరి. దినమునకు పండ్రెండు గంటల పని. రెండేసి వారములు పని జరిగిన పిమ్మట ఒకటి రెండు వారముల విరామము. ఆ విరామమును తలచుకొనియే పలువురు బట్టల పెట్టెతో పాటు తుపాకిని, వేటకుక్కను వెంట తెచ్చుకొనిరి. ఈ పూట మేము ముచ్చటింప దలచినది వీరిని గూర్చియే.

మన దేశమున 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము వేటను నిషేధించినది కావున ఈ మాట శ్రోతలకు వింతగా తోపవచ్చును. అచ్చట వేట చట్టసమ్మతము. వేటగాండ్రు చెల్లించు లైసెన్సు రుసుములు వన్యప్రాణి శాఖకు ముఖ్యమైన ఆదాయము కూడ. తెల్లతోక జింకలు, గాడిదచెవుల వంటి చెవులు గల మ్యూల్ జింకలు, ఆసియా నుండి తెచ్చి విడిచిన ఫెజంటు పక్షులు, నీటిగుంటలపై వ్రాలు బాతులు అచ్చట కలవు. 1883లో థియోడర్ రూజ్వెల్ట్ అచ్చటికి మొదట వచ్చినది బైసన్ అను అమెరికా అడవిదున్నను వేటాడుటకే. ఆయన పేర వెలసిన జాతీయోద్యానమున నేడు ప్రజలు వేటాడుటకు వీలు లేదు.

చిక్కు ఎక్కడనగా, స్థానికుడుగా లైసెన్సు పొందవలెనన్న ఆరు నెలలు ఆ రాష్ట్రమున నివసించి యుండవలెను. చమురు పని మనిషిని ఒకచోట నిలువనీయదు. ఇల్లు టెక్సాసులోనే ఉంచి జీతము అచ్చటికి పంపువాడు, ఎన్ని బావులు తొలిచినను పైవాడే. హెచ్చు రుసుము కట్టవలెను. స్థానికునకైనను తుపాకితో జింకను వేటాడు అనుమతి చీట్లు వేసియే యిత్తురు. ఒకప్పుడు ఏటా లక్షకు మించియుండిన ఆ అనుమతులు 2015లో 43,275కు దిగినవి. నేరమంతయు చమురుదే యనుట న్యాయము కాదు. 2008 మొదలు వరుసగా వచ్చిన మూడు కఠిన శీతకాలములు జింకలను చంపినవి; వాటికి మాటుగా నున్న బీళ్లు దున్నబడి పంటచేలైనవి. బావులు, బాటలు, లారీల రొద అందుకు తోడైనవి.

ఇక భూమి సంగతి. హద్దులపై నిషేధ ఫలకము కట్టని ప్రైవేటు భూమిలో వేటాడవచ్చుననునది అచ్చటి పాత ఆచారము, చట్టము కూడ. 2021 నుండి ఫలకము కట్టకయే, ప్రభుత్వపు జాబితాలో నమోదు చేసి నిషేధించుకొను వీలు రైతుకు కలిగినది. ఇందు మేము రైతు పక్షమే వహింతుము. అచ్చట నేల ఒకరిది, దాని క్రింది ఖనిజము వేరొకరిది కావచ్చును. అట్టి రైతునకు చేని మీదుగా పోవు లారీల దుమ్మే మిగులును, చమురు సొమ్ము రాదు. ఆ లారీ తోలినవాడే సెలవునాడు తుపాకితో వచ్చిన ఆయన ముఖము చిట్లించుటలో ఆశ్చర్యమేమి? మర్యాద తెలిసిన వేటగాడు ముందుగా ఆయన తలుపు తట్టి, అడిగి, వేటాడిన పిమ్మట కొంత మాంసమిచ్చి పోవును.

2014 నడుమ పీపా నూరు డాలర్లకు మించి పలికిన చమురు 2016 ఆరంభమున ముప్పదికి దిగువకు పడెను. తొలుచు యంత్రములు ఆగెను. వేలమంది మూటలు కట్టిరి. ఆరు నెలలు ఓర్చి హక్కు సంపాదించుకొన్నవారిలో పలువురు ఆ చీటి చేతనుండగనే వెళ్లవలసి వచ్చినది. కొందరు మాత్రము భార్యాబిడ్డలను రప్పించుకొని, పిల్లలను అచ్చటి బడిలో చేర్చి, నిలిచిపోయిరి.

నవంబరు మొదటి పక్షమున నొక శుక్రవారము సరిగా మధ్యాహ్నము పండ్రెండు గంటలకు అచ్చట జింకల వేట ఆరంభమగును. తలపైన, మేనిపైన కలిపి కనీసము 400 చదరపు అంగుళముల మెరయు నారింజరంగు బట్ట ధరింపవలెనని నియమము. పొద్దు వేగముగా క్రుంకును. మిట్టలపై ఆ నారింజ చుక్కలు ఒక్కొక్కటే ఇంటిదారి పట్టు వేళ, వాటి వెనుక బావులకడ మండు వాయువు వెలుగు కనబడుచుండును.