గైడులో దొరకని జవాబు
(భద్రాచలంలో తల్లిదండ్రుల, ఉపాధ్యాయుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

 

మేము ప్రభుత్వ గుమాస్తాగా ఉన్న కాలమంతా మా బల్లమీదికి వచ్చినవి అర్జీలే. దూదేకులవారు బీసీ–బీలో ఉన్నారు. 2007లో బీసీ–ఈలో చేర్చిన ముస్లిం వర్గాలు వేరు. ఈ తేడా తెలియక ‘ముస్లిం’ అని మాత్రమే రాసిన అర్జీలను ‘వివరములు లేవు’ అని తిప్పి పంపిన చేతులలో మా చేయి కూడా ఉన్నది. ఆ సంగతి దాచము. విరమణానంతరం అర్జీలు రాసిపెట్టడమే మాకు పని అయినది. పదవ తరగతి పాసైన పిల్లవాడు సైతం “మీరే రాయండి చాచా” అని కాగితం మా ముందుకు తోస్తాడు. చేతిరాత ముత్యాల కోవ. తన మాట తాను రాయడం మాత్రం రాదు.

ఎందుకు రాదు? తెలుగు పాఠ్యపుస్తకంలో ‘వ్యక్తీకరణ–సృజనాత్మకత’ అనే భాగమే ఉన్నది. నిర్మాణాత్మక మూల్యాంకనంలో రాత అంశాలకు మార్కులున్నవి. అయినా మేము చూసిన నోటు పుస్తకాలలో చాలావాటిలో గైడులోని జవాబే కనిపించినది, అచ్చుతప్పులతో సహా! ఇందుకు ఉపాధ్యాయుని నిందించి లాభం లేదు. రాయించడమెట్లాగో ఆయనకు ఎవరు నేర్పినారు?

మన పిల్లలకు చిక్కు మరింత ఎక్కువ. ఇంట్లో దక్కనీ, బడిలో తెలుగు, మక్తబ్‌లో అరబీ. ఒక లిపి కుడినుండి ఎడమకు, మరొకటి ఎడమనుండి కుడికి. ‘హౌ’ అని తలచి ‘అవును’ అని రాయాలి. పక్కన కూర్చున్న కోయ బిడ్డదీ ఇదే కష్టం. అందుకే 2004లో ఉమ్మడి రాష్ట్రంలో కోయతో సహా ఎనిమిది గిరిజన భాషలలో మాతృభాషా బోధన మొదలుపెట్టినారు. భాషా అల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక దశలో ఆ సౌకర్యం కల్పించమని రాజ్యాంగం 350–ఎ అధికరణం చెబుతున్నది. ఇంటిమాట నుండి బడిరాతకు బిడ్డను ఎట్లా తేవాలో ఉపాధ్యాయ శిక్షణలో చోటు ఉండవద్దా?

2022లో వచ్చిన తొలిమెట్టు ఒకటి నుండి ఐదవ తరగతి పిల్లలకు చదవడం, రాయడం, లెక్కలకు పునాది వేస్తున్నది. మంచిదే. సొంత మాట దాని పైమెట్టు. అమెరికాలో బర్క్లీ విశ్వవిద్యాలయంలో 1974లో జేమ్స్ గ్రే ప్రారంభించిన రచనా ప్రాజెక్టు ఒక చిన్న సంగతి పట్టుకున్నది: రాత నేర్పేవారు ముందు తాము రాయాలి, ఉపాధ్యాయునికి మంచి శిక్షకుడు మరో ఉపాధ్యాయుడే. వేసవిలో వారు కలిసి కూర్చుని రాసి, ఒకరిది మరొకరికి వినిపించుకొనేవారు. మనకు స్కూలు కాంప్లెక్సు సమావేశాలు ఉండనే ఉన్నవి. అందులో ఒక గంట ఇందుకు కేటాయించమని కోరుతున్నాము.

2022 జూలైలో ఇక్కడ గోదావరి 71 అడుగులు దాటినది. ఆ రాత్రి మీ ఇంట ఏమి జరిగినదో ముందు ఉపాధ్యాయులు రాయండి. తరువాత పిల్లలను వారికి గుర్తున్న వానకాలం గురించి రాయమనండి. దానికి ఏ గైడులోనూ జవాబు లేదు. మొదటి ప్రతిపై ఎర్రసిరా పెట్టవద్దు. “పడవ ఎవరిది? మేకలు ఏమైనవి?” అని అడగండి, మళ్లీ రాస్తాడు. మా పై అధికారి ఒక్కొక్క నోటును మూడుసార్లు తిరగరాయించేవారు. అప్పుడు తిట్టుకున్నాము గాని, మాకు రాత వచ్చినది అట్లాగే.

తల్లులకు ఒక మాట. విద్యాహక్కు చట్టం 21వ విభాగం ప్రకారం బడి కమిటీలో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే, సభ్యులలో సగం స్త్రీలే ఉండాలి. ఈసారి మార్కులు అడగకండి. రెండు నోటు పుస్తకాలు పక్కపక్కన పెట్టించండి. చదువురాని తల్లికైనా రెండు పేజీలు ఒకటేనో కాదో తెలిసిపోతుంది.

ఇక ఉపాధ్యాయులు ఆదివారాలు కూర్చుని రాసుకుంటామంటే మక్తబ్ గది ఖాళీగానే ఉంటుంది. తాళంచెవి మా వద్దనే ఉన్నది; టీ ఖర్చు మాది.