ఇంక్‌జెట్ యంత్రముపై జెండా కాషాయము



ఆగస్టు పదునైదవ తేదీ సమీపించినపుడు గ్రామములలో ఆహ్వానపత్రికల పని ఆరంభమగును. పత్రిక తలకట్టున మువ్వన్నెల జెండా ఉండవలెను. కంప్యూటరు తెరపై కాషాయము కన్నుల పండువుగా నుండును. ఇంక్‌జెట్ యంత్రమునుండి వెలువడిన కాగితముపై నదియే ఒకసారి నారింజతొక్కవలెను, ఒకసారి ఇటుకపొడివలెను కనబడును. సిరా చెడినదని కొందరు, యంత్రము చెడినదని కొందరు అందురు. చాలమట్టుకు రెండును చెడియుండవు.

శుభలేఖలు వేయు స్క్రీన్ ప్రింటింగు పనివాడు కావలసిన రంగును ముందుగనే డబ్బాలో కలిపి, ఒకే సిరాగా కాగితముపై దించును. దీనిని స్పాట్ కలర్ అందురు. 1963లో అమెరికాలోని పాంటోన్ సంస్థ ఇట్టి రంగులకు సంఖ్యలిచ్చి నమూనా పుస్తకమును వెలువరించెను. సాధారణమైన ఇంటి యంత్రములో కాషాయపు సిరా లేదు. సయాన్, మెజెంటా, పసుపు, నలుపు సిరాల సూక్ష్మబిందువులను చల్లి అది కంటిని నమ్మించును. తెలుపునకైతే సిరాయే లేదు, కాగితమే తెలుపు. ఈ నాలుగింటి కందని రంగులు కొన్ని కలవు. పాంటోన్ వారి ఆరెంజ్ 021 అట్టిది. ఎంత సిరా పోసినను ఆ మంట రాదు.

జెండా కాషాయ మంత దుర్లభము కాదు. 1947 జులై 22న రాజ్యాంగసభ పతాకమును ఆమోదించెను. ఆ చరిత్రలో పింగళి వెంకయ్యగారి పాత్రను తెలుగువారికి వేరుగ చెప్ప నక్కరలేదు. పిమ్మట 1951లో జెండాకు భారతీయ ప్రమాణ మేర్పడి, 1964లోను 1968లోను సవరింపబడెను. అందు కాషాయము కొలతతో చెప్పబడినది: 0.538, 0.360 అను అంకెలు రంగు జాడను, 21.5 అను అంకె వెలుగును తెలుపును. తెరలపై విరివిగా వాడబడు 255, 153, 51 అను సంఖ్యలు ఈ కొలతకంటె పసుపువైపు మొగ్గినవి, వెలుగు హెచ్చినవి. అనగా యంత్రమును నిందించుటకు ముందే గురి తప్పినది. ప్రమాణపు కొలతను తెర సంఖ్యలుగా మార్చినచో సుమారు 215, 87, 55 వచ్చును.

ఈ సంఖ్యలును కాగితముపై యథాతథముగ దిగవు. కావున ప్రమాణము ననుసరించిన ఖాదీ జెండాగుడ్డ ముక్క నొకదానిని దగ్గర నుంచుకొనవలెను. పత్రిక ఏ కాగితముపై పడనున్నదో ఆ కాగితమునే యంత్రములో పెట్టి, దాని రకమునే కంప్యూటరులో ఎంచవలెను. చిత్రములు కూర్చు ప్రోగ్రామును, యంత్రపు డ్రైవరును రెండును రంగును దిద్దబోయిన అనర్థము. ఒక్కదానికే ఆ అధికార మీయవలెను. పిదప 215, 87, 55 నడుమనుంచి, రెండవ సంఖ్యను అడ్డముగను మూడవ సంఖ్యను నిలువుగను ఎనిమిదేసి చొప్పున పెంచుచు తగ్గించుచు చిన్న గళ్లు గీసి, ప్రతి గడి క్రింద దాని సంఖ్యను అచ్చువేయవలెను. వెంటనే తీర్పు చెప్పరాదు. తడి సిరా రంగు వేరు, ఆరిన సిరా రంగు వేరు. మరునాటి ఉదయము వసారా నీడలో, రెండు రంధ్రములు గల బూడిదరంగు అట్టను పైనుంచి, ఒక రంధ్రమున గుడ్డను, రెండవదానిలో గడిని చూడవలెను. పగటివెలుతురున కలసిన జంట రాత్రి ట్యూబులైటు క్రింద విడిపోవచ్చును, ఏలనన గుడ్డ అద్దకమును సిరాయు ఒకే పదార్థములు కావు. పత్రిక ఎక్కువగ ఏ వెలుతురున చదువబడునో దానికే ప్రాధాన్యము.

కుదిరిన గడిని, సంఖ్యను, కాగితము పేరును కలిపి భద్రపరుపవలెను. రంగు పేరొక్కటే చాలదు. 2022లో ఫోటోషాప్ వంటి ప్రోగ్రాములనుండి పాంటోన్ పట్టికలు చాలవరకు తొలగింపబడగా, చందా కట్టని పలువురి పాత చిత్రములలో ఆ రంగులు నల్లగ మారెను. సిరా కంపెనీ మారినను, కాగితము మారినను ఈ పరీక్ష మరల చేయవలసినదే. ఐదువందల పత్రికలు పాడగుటకంటె ఒక కాగితము పోవుట మేలు.

మామూలు కాగితము సిరాను పీల్చుటచే రంగు వెలవెలబోవును. అప్పుడు కాంతికొరకు పసుపును పెంచిన జెండా పసుపుకొమ్మగును. ముదురుదనమునకై నలుపును చేర్చిన ఇటుక యగును. కాంతిలోపమును చూపరులు మన్నింతురు, ఛాయ మారిన మన్నింపరు. అంతకును తృప్తి కలుగనిచో జెండాను స్క్రీన్ ప్రింటింగు వారివద్ద కలిపిన సిరాతో వేయించి, బాగుగ ఆరిన తరువాత ఆ కాగితములనే ఇంటి యంత్రమున పెట్టి, ఖాళీ స్థలములో అక్షరములను మాత్రము అచ్చువేసికొనవచ్చును.