వాటాలు లేని జెండా

ఈ స్మారకోపన్యాసానికి జాతీయ పతాకాన్ని విషయంగా ఎంచుకోవడానికి ఈ ప్రాంతమే కారణం. హోసూరుకు దగ్గరి తొరపల్లిలో పుట్టిన చక్రవర్తి రాజగోపాలాచారి (రాజాజీ), స్వతంత్ర భారతానికి ఏ జెండా ఉండాలో తేల్చడానికి 1947 జూన్‌లో ఏర్పడిన సంఘంలో సభ్యుడు. రాజేంద్ర ప్రసాద్ దానికి అధ్యక్షుడు. ఆజాద్, సరోజినీ నాయుడు, మున్షీ, అంబేద్కర్ కూడా అందులో ఉన్నారు. జూలై 22న నెహ్రూ ప్రతిపాదించగా రాజ్యాంగ సభ ఆమోదించిన తీర్మానం చాలా చిన్నది. అడ్డంగా మూడు పట్టీలు, ముదురు కాషాయం, తెలుపు, ముదురు ఆకుపచ్చ, మూడూ సమానం. తెల్ల పట్టీ నడుమ చరఖాకు ప్రతీకగా నీలి చక్రం. దాని రూపు సారనాథ్‌లోని అశోక స్తంభ శీర్షం మీది చక్రానిది. వ్యాసం ఇంచుమించు తెల్ల పట్టీ వెడల్పంత. జెండా వెడల్పుకూ పొడవుకూ 2:3 నిష్పత్తి. అంతే. కాషాయానికి అర్థమేమిటో, ఆకుపచ్చకు అర్థమేమిటో అందులో ఒక్క ముక్క లేదు. ఆ మౌనం వెనక ఇరవై ఆరేళ్ల వాదోపవాదాలున్నాయి. రంగుల్లో ఎవరి వాటా ఎంత అనే లెక్కను మన పెద్దలు మెల్లమెల్లగా వదిలించుకున్న కథే ఈ జెండా చరిత్ర అన్నది నా వాదన.

లెక్కతోనే మొదలైందన్న మాట దాచనక్కర్లేదు. మచిలీపట్నం దగ్గరి భట్లపెనుమర్రులో పుట్టిన పింగళి వెంకయ్య 1916లోనే దేశానికొక జెండా కావాలంటూ ముప్పై నమూనాలతో పుస్తకం వేశారు. 1921లో బెజవాడలో అఖిల భారత కాంగ్రెస్ కమిటీ సమావేశమైనప్పుడు ఆయన గాంధీజీకి ఎరుపు, ఆకుపచ్చ రంగుల నమూనా ఇచ్చారు. ఎరుపు హిందువులది, ఆకుపచ్చ ముస్లిములది. జలంధర్‌కు చెందిన లాలా హంసరాజ్ సూచించిన చరఖా దాని మీదికి వచ్చింది. మిగతా మతాలవారి కోసం తెలుపు చేర్చాలన్నది గాంధీజీ ఆలోచన. అన్నిటికన్నా చిన్న సముదాయాల తెలుపు పైన, తర్వాత ఆకుపచ్చ, పెద్ద సముదాయపు ఎరుపు అడుగున. మూడు పట్టీలకూ ఒకే వెడల్పు. బలవంతుడు బలహీనుడికి అండగా నిలవాలన్నది అందులోని భావం. ఎంతో ఉదాత్తమైన భావం, కాదనను. కానీ సిక్కులు, క్రైస్తవులు, పార్సీలు, యూదులు అందరూ కలిసి ‘మిగతావారు’ అయ్యారు. తమకు వేరే రంగు కావాలని సిక్కులు అడగడంలో ఆశ్చర్యం ఏముంది? పంపకం మొదలయ్యాక ఒకరికిచ్చి మరొకరిని వద్దనడానికి న్యాయమైన కారణం చూపలేం. బట్ట మీద పట్టీలు పెరుగుతూ పోవలసిందే.

ఆ చిక్కును విప్పిన సంవత్సరం 1931. మన తెలుగువాళ్లం బెజవాడను తలుచుకున్నంతగా ఆ ఏటిని తలుచుకోం. అది లోటే అనుకుంటాను. ఆ ఏప్రిల్‌లో కాంగ్రెస్ కార్యవర్గం వేసిన ఏడుగురి సంఘానికి సంచాలకుడు కూడా మచిలీపట్నంలో స్థిరపడిన తెలుగువాడే, పట్టాభి సీతారామయ్య. పటేల్, నెహ్రూ, ఆజాద్, మాస్టర్ తారాసింగ్, కాలేల్కర్, హర్డీకర్ మిగతా సభ్యులు. రంగుల తగాదా లేకుండా మొత్తం జెండాను ఒకే కేసరి రంగులో ఉంచి మూలన చరఖా పెట్టమని వారు సిఫారసు చేశారు. ఆగస్టులో బొంబాయిలో కలిసిన కాంగ్రెస్ కమిటీ దాన్ని ఒప్పుకోలేదు. మూడు రంగులనే ఉంచి, ఎరుపు స్థానంలో కాషాయం తెచ్చి పైన పెట్టి, వాటికి మతాలతో సంబంధం లేదని విస్పష్టంగా తీర్మానించింది. కాషాయం ధైర్యానికీ త్యాగానికీ, తెలుపు సత్యానికీ శాంతికీ, ఆకుపచ్చ విశ్వాసానికీ పౌరుషానికీ గుర్తు అంది. ఈ నిర్ణయం సంఘం సిఫారసు కన్నా మెరుగైనదని నా అభిప్రాయం. ఒకే రంగు వేస్తే, ఎంత నచ్చజెప్పినా, జెండా మొత్తం ఒకరి వాటాగా కనబడే ప్రమాదం ఉంది. జనం అప్పటికే చేతబట్టి దెబ్బలు తిన్న రంగులను ఉంచుకుని వాటి అర్థాన్ని మాత్రం మార్చడం తెలివైన పని.

అర్థాన్ని ఇలా తీర్మానంతో మార్చగలమా అని అడగవచ్చు. ఈ జెండాకు ఏ మతపరమైన అర్థమూ లేదని 1947లో నెహ్రూ సభకు చెప్పారు. 1921 సంగతి తెలిసినవారికి అది సగం నిజం. ఇప్పటికీ మూడు రంగుల్ని మూడు మతాలకు పంచి చెప్పేవారున్నారు. నిజమే. అయితే జెండాకు అర్థం కాగితం మీద కన్నా వీధిలోనే ఎక్కువగా తయారవుతుంది. 1932 జనవరిలో తిరుప్పూర్ కుమరన్ లాఠీ దెబ్బలకు పడిపోయినా చేతిలోని జెండాను వదల్లేదు. ఆయన పట్టుకున్నది తన మతం పట్టీని కాదు. రాజ్యాంగ సభలోనే మరో ఉదాహరణ ఉంది. తిరుత్తణిలోని తెలుగు ఇంట పుట్టిన సర్వేపల్లి రాధాకృష్ణన్ కాషాయంలో వైరాగ్యాన్నీ, ఆకుపచ్చలో నేలతో మన బంధాన్నీ, చక్రంలో ధర్మాన్నీ చూపించారు. తీర్మానం మౌనంగా ఉంది గనకే ఆయన అలా చెప్పగలిగారు.

రూపకర్త ఎవరన్న వివాదం మీద ఎక్కువ సమయం పెట్టను. చివరి రూపాన్ని సిద్ధం చేయడంలో సురయ్యా త్యాబ్జీ పాత్ర ఉందని కొందరంటారు. వెంకయ్య పేరు తగ్గిపోతుందని మనవాళ్లు నొచ్చుకుంటారు. ఒక దేశపు జెండాను ఒక్కరు గీశారనుకోవడం వల్లే ఆ నొప్పి. బెజవాడ నమూనా లేకపోతే ముందుకు కదిలేందుకు చర్చే లేదు. వెంకయ్య గౌరవానికి అది చాలు.

చరఖా తీసేసి చక్రం పెట్టడంపై వచ్చిన అభ్యంతరం ఇంకా బరువైనది. గాంధీజీ స్వయంగా బాధపడ్డారు. చరఖా బొమ్మ జెండాకు ఒకవైపు సరిగానూ రెండోవైపు తిరగబడీ కనిపిస్తుందని, చక్రానికి ఆ ఇబ్బంది లేదని నెహ్రూ చెప్పిన కారణం పనికి సంబంధించినదే. జెండాను చేతిలోకి తీసుకుని చూస్తే ఆ మాట తెలుస్తుంది: మూడు పట్టీలు కలిపి కుట్టిన అతుకులు, కర్ర వైపు తాడు కోసం మందపాటి గుడ్డ, ఇరవై నాలుగు ఆకుల చక్రం రెండు వైపులా ఒకే తీరు. కానీ ఆ చక్రం చరఖాకు ప్రతీక అని తీర్మానమే అంటోంది. 1925లో తిరుచెంగోడు దగ్గర ఆశ్రమం పెట్టి కరువు పల్లెల్లో రాట్నం తిప్పించిన రాజాజీకి ఆ మాట ఉత్త అలంకారం అయ్యుండదు. అందుకే 2021 డిసెంబరులో పతాక నియమావళిని సవరించి మరమగ్గాల బట్టకూ పాలియెస్టర్‌కూ అనుమతి ఇవ్వడం నాకు సమ్మతం కాదు. చవకగా ప్రతి ఇంటికీ జెండా చేరుతుందన్న వాదన కొట్టిపారేయదగ్గది కాకపోయినా, కర్ణాటకలోని బెంగేరిలో జెండాలు తయారుచేసే ఖాదీ సంఘం వంటివాటికి పని తగ్గించి చేరవలసింది కాదు.

ఇక ఈ ప్రాంతపు తెలుగువారు తప్పక అడిగే ప్రశ్న. వాటా లేకపోతే చిన్న సముదాయం గతేమిటి? హోసూరు, డెంకణికోట, సూళగిరి, వేపనపల్లి పల్లెల్లో తెలుగు ఇంటి భాష. రాష్ట్రాల పునర్విభజన తర్వాత సరిహద్దుకు ఇవతల తమిళనాడులో ఉండిపోయి, బడుల్లో తమిళాన్ని తప్పనిసరి చేసిన 2006 నాటి తమిళ అభ్యసన చట్టం తర్వాత బడిలో తెలుగు కోసం పోరాడుతున్నవారికి ‘వాటాలు లేవు’ అన్న మాట మంచి కబురులా వినిపించదు. నా జవాబు ఇది. హక్కు అడగవలసిన చోటు జెండా కాదు, రాజ్యాంగం. జెండాను తయారుచేసిన సభే 29, 30 అధికరణాల్లో అల్పసంఖ్యాకుల భాషకూ విద్యాసంస్థలకూ రక్షణ రాసింది. 1956లో ఏడో సవరణ 350ఎ ద్వారా ప్రాథమిక దశలో మాతృభాషలో బోధనకు తగిన వసతులు కల్పించే బాధ్యతను రాష్ట్రాల మీద పెట్టింది. భాషకో పట్టీ ఉండి ఉంటే మనం మళ్లీ 1921 నాటి తెల్ల పట్టీలో ‘మిగతావారు’గా ఉండేవాళ్లం. జెండా కింద అందరితో సమానంగా నిలబడి, తెలుగు పలక పట్టే పిల్లవాడికి తెలుగు అయ్యవారు కావాలని 350ఎ చూపించి అడగవచ్చు, అడగాలి.